కొర్రలు తినమనే ముందు

(హిందూపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యానికి ఏం తినాలన్న ప్రశ్న మీ గ్రామ సమావేశాల్లో తరచుగా వస్తోందని నిర్వాహకులు చెప్పారు. అన్నం మానేసి కొబ్బరినూనె తాగమన్న వీరమాచనేని రామకృష్ణ పద్ధతి కొన్నాళ్లు నడిచింది. ఖాదర్ వలి చెప్పే సిరిధాన్యాలు ఇంటింటికీ చేరాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, ఆ ఏడాదే ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ధర్మవరంలో మగ్గం పక్కన కండెలు చుట్టే ఆమె కూడా ‘కొర్రలు తింటే షుగరు పోతుందంట కదక్కా’ అని అడుగుతోంది.

దీన్ని వెటకారంగా కొట్టిపారేయడం నాకిష్టం లేదు. కొర్రలు, సామలు, అరికెలు, రాగులు ఈ నేల పంటలే. తక్కువ వానలకు తట్టుకునేవీ అవే. వాటి చేలను చాలావరకు వేరుశనగ మింగేసింది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వాటిని మళ్లీ పండించడానికి రైతులతో కలిసి పనిచేస్తూ వచ్చింది. దాన్ని మోజు అనలేం.

అయితే ‘మన అమ్మమ్మలు ఇవే తిని గట్టిగా ఉన్నారు’ అనే మాట వినగానే నాకు రోలూ రోకలీ గుర్తొస్తాయి. కొర్రలు దంచి, చెరిగి, రాగులు విసిరి, పొగలో కూర్చుని సంగటి కెలికింది ఎవరు? 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఆడవాళ్లకు కడుపు నిండడమే కాదు, దంచే చాకిరీ కూడా తగ్గిందని నేననుకుంటాను. (ఆ పథకం తెచ్చిన ఎన్.టి. రామారావును 1985 నుంచి మూడుసార్లు గెలిపించిన ఊరిది!) తెల్లబియ్యాన్ని తిట్టే చదువుకున్నవాళ్లు ఈ శ్రమను లెక్కలోకి తీసుకోరు. ఆ అమ్మమ్మల తరంలో కాన్పుల్లో పోయినవాళ్ల గురించీ మాట్లాడరు.

ఇక తిండి సంగతి. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో పది ఉంటే గొప్ప. ఇది నిజమైన మేలు. కానీ రక్తహీనతకు రాగిజావ ఒక్కటే సరిపోదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. జావతో పాటు పప్పు, ఆకుకూర, నిమ్మకాయ, గుడ్డు కావాలి. తినేవాళ్లకు మాంసం కావాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. కొర్రన్నం షుగరు అదుపుకు తోడ్పడుతుంది, అదీ కొలతగా తింటేనే. మెత్తటి పిండితో కాచిన జావ షుగరును త్వరగానే పెంచుతుంది. డాక్టరుని అడగకుండా బిళ్లలు మానేస్తే కళ్లు, మూత్రపిండాలు, కాళ్లు దెబ్బతింటాయి. ఈ మాట మాత్రం గట్టిగా చెప్పండి.

పెనుకొండ వైపు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె నాతో చెప్పిన విషయం వినండి. మొగునికి షుగరు. అతనికి కొర్రన్నం, పిల్లలకూ అత్తకూ బియ్యం. రెండు కుండలు పెట్టి, షిఫ్టు బస్సు అందుకోవడానికి చీకటితోనే లేస్తుంది. తనేం తింటుందని అడిగితే నవ్వింది. రాత్రి మిగిలింది తింటుందట. రేషన్ బియ్యం చేతికి వస్తుంది, కొర్రలు మాత్రం అంగట్లో కొనాలి. ఆ డబ్బు పప్పులోంచి తగ్గింది. ఇంట్లో ‘ఆరోగ్యకరమైన ఆహారం’ వచ్చాక ఆమె పళ్లెం మరింత పలచబడింది, పని రెట్టింపయింది. అలాంటి మనిషికి ‘మంచి తిండి తినమ్మా’ అని ఉపన్యాసమిస్తే తప్పంతా ఆమె మీదికి నెట్టినట్టే.

కాబట్టి ఇంటికి వెళ్లినప్పుడు ఏం వండారని అడిగి ఊరుకోకండి. ఎవరు ముందు తిన్నారు, గుడ్డు ఎవరి పళ్లెంలో పడింది, ఎవరు వండారు అని అడగండి. 2013 ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలనూ లెక్కలోకి తీసుకుంది. రేషన్ కార్డుకు పద్దెనిమిదేళ్లు నిండిన పెద్ద ఆడమనిషే కుటుంబ యజమాని అని చెప్పింది. మీ ఊళ్లో కార్డు ఎవరి పేరున ఉందో ఈ నెలలోనే చూడండి. రాగులు, కొర్రలు డీలరు దగ్గర దొరకాలని, వాటితో పాటు కందిపప్పు ఆగకూడదని అర్జీ రాయండి. సంతకాల్లో మగ్గం ఆడవాళ్లనూ, షిఫ్టుకు పోయేవాళ్లనూ మరవద్దు. వాళ్లు పగలు దొరకరు. ఆదివారం వెళ్లండి.