కోరపన్ను వచ్చేదాకా

ఎవరి పేరిట ఈరోజు మనం కలుసుకున్నామో ఆ గురువుగారు, దవడ చీలిక ఆపరేషన్ బాగా జరిగిందని మేం సంబరపడుతుంటే, కోరపన్ను వచ్చాక మాట్లాడుకుందామని ఊరుకునేవారు. ఆ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది.

మనవాళ్లు గ్రహణం మొర్రి అనేదాంట్లో పెదవి చీలిక అందరికీ కనిపిస్తుంది. (పాపం, గ్రహణానికి దీంతో ఏ సంబంధమూ లేదు.) దాని వెనక, పళ్లు నాటుకునే దవడ గట్టులో ఉన్న చీలిక నోరు తెరిస్తే గానీ తెలియదు. పెదవి కుట్టించాక ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. కానీ ఆ గట్టు సందులో ఎముక ఉండదు కాబట్టి పన్ను దిగడానికి చోటుండదు. కొందరికి తాగిన నీళ్లు ముక్కులోకి ఎక్కే చిల్లు కూడా మిగిలిపోతుంది.

1950లలో యూరప్ సర్జన్లు పసిబిడ్డలకే ఆ సందులో ఎముక అతికారు. ఎక్స్‌రేలో సందు పూడింది. ఇంకేం కావాలి? పిల్లలు పెరిగేకొద్దీ పైదవడ సరిగ్గా ఎదగక, చాలామందికి ముఖం నడిమి భాగం లోపలికి పోయింది. 1960లలో చాలా చోట్ల ఆ పద్ధతి మానేశారు. ఎముక పట్టిందా అని చూశారే గానీ, పదేళ్లకు ముఖం ఏమవుతుందో చూడలేదు.

1972లో అమెరికాలో బాయిన్, శాండ్స్ అనే ఇద్దరు వేరే దారి చూపారు. కోరపన్ను దిగబోయే ముందు, దాదాపు 9–11 ఏళ్ల మధ్య, తుంటి ఎముకలోని మెత్తటి గుజ్జు ఎముకను తీసి నింపడం. పన్ను అందులోంచి దిగితే కొత్త ఎముకకు పని దొరుకుతుంది. పనిలేని ఎముక కరిగిపోతుంది.

మరి ఫలితాన్ని కొలిచేదెలా? 1986లో ఆస్లోలో బెర్గ్‌లాండ్ బృందం, పళ్ల మధ్య ఎముక ఎత్తు చూసి నాలుగు తరగతులు చేసింది. మొదటిది దాదాపు మామూలు ఎత్తు, రెండోది కనీసం ముప్పాతిక, మూడోది అంతకు తక్కువ, నాలుగోది ఎముక వంతెనే లేకపోవడం. ఇలాంటి సాదా కొలతే 1998లో బ్రిటన్‌ను కుదిపేసింది. అక్కడ 57 కేంద్రాలు గ్రహణం మొర్రికి చికిత్స చేస్తుండేవి. జాతీయ పరిశీలనలో అతికిన ఎముకల్లో 58 శాతమే సఫలమని తేలింది. ఏడాదికి కొద్దిమందికే చేసే చోట్ల చెయ్యి తిరిగేదెప్పుడు? ఆ తర్వాత చికిత్సను కొద్ది కేంద్రాలకే పరిమితం చేశారు.

ఎక్స్‌రే ఫిల్ములో ఎముక ఎత్తు తెలుస్తుంది, మందం తెలియదు. మందాన్ని కోన్ బీమ్ సీటీ స్కాన్ చూపిస్తుంది. అలాగని ప్రతి పిల్లవాడికీ ఆ రేడియేషన్ ఇవ్వడం నాకు ఇష్టంలేదు.

గురువుగారు ఫిల్ముల మీది పేర్లకు కాగితం అంటించి మాచేత తరగతి వేయించేవారు. ఒకసారి ఆయన చేసిన కేసుకే మేం మూడు వేశాం. కాగితం తీసి చూసి, ఫిల్మును మళ్లీ వెలుగుకు పట్టి, రిజిస్టరులో 3 అని తన చేత్తోనే రాసుకున్నారు.