నాదస్వర విద్య – కష్టసుఖాలు



పెండ్లిపందిటిలో నాదస్వరం వినని తెలుగువారుండరు. మాంగల్యధారణ వేళ “గట్టిమేళం” అన్న కేక వినబడగానే ఆ వాద్యం ఉప్పొంగుతుంది. ఆ ఒక్క క్షణం వెనుక ఎన్ని సంవత్సరాల శ్రమ ఉన్నదో పందిటిలోని వారికి తట్టదు. నాకు కొంత తెలుసు. ఏలయన, బాల్యంలో కొత్తచెరువులో ఆ విద్యకు పూనుకొని మధ్యలో విడిచిపెట్టినవాణ్ణి నేను.

నాదస్వరాన్ని ఆచ్చా కొయ్యతో చేస్తారు. మన రాయలసీమ అడవులలో పెరిగే నారేపి చెట్టు అదే. పైన సన్నగా, దిగువ వెడల్పుగా ఉండే ఆ గొట్టానికి వాయించే రంధ్రాలు 7. పైకొసను రెల్లుజాతి గడ్డితో చేసిన పీక ఉంటుంది. దానినే సీవాళి అంటారు. మూడు నెలలపాటు నా పీక నుండి వెలువడినది స్వరం కాదు, బాతు అరుపు. బుగ్గలు నొచ్చేవి, కళ్ళు తిరిగేవి. లోపం ఊపిరిదే అనుకొని మరింత బలంగా ఊదేవాణ్ణి. ధ్వని మరింత వికృతమయ్యేది.

అసలు చిక్కు వేరు. రంధ్రాలు 7, స్వరస్థానాలు 12. వేలితో రంధ్రాన్ని సగం మూసి, పెదవుల ఒత్తిడినీ గాలి వడినీ మార్చి తక్కినవి సాధించవలె. హార్మోనియం మెట్టు నొక్కితే స్వరం తనంత తానే పలుకుతుంది; ఇక్కడ స్వరం ముందు చెవిలో పలకవలె. అందుకే మా గురువుగారు వాద్యం పక్కన పెట్టించి, సరళీస్వరాలు నోట పాడమనేవారు. వాయించడానికి వచ్చినవాడికి పాట ఎందుకని నేను విసుక్కొనేవాణ్ణి.

ఈ కష్టం మన వాద్యానికే పరిమితం కాదు. 1835లో ప్రష్యాలో పుట్టిన ట్యూబా అనే భారీ ఇత్తడి వాద్యానికి పీకే లేదు. వాయించేవాని పెదవులే అదరవలె. మీటలు కొద్ది. వేళ్ళు కదల్చకుండానే అనేక స్వరాలు పలుకుతాయి. వాటిలో కావలసినదానిని ఎన్నుకొనేది పెదవి. పెదవిని నడిపేది చెవి.

ఒంగోలు సమీపాన కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానాగారు, వాద్యం చేతికి వచ్చిన తరువాత కూడ తంజావూరు బాణీ కోసం తమిళదేశంలో మరల శిష్యులైనారు. 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకొన్న విద్వాంసుల దారి అది!

నేర్పేవారు లేకపోలేదు. తిరుపతిలో దేవస్థానంవారి నాదస్వర పాఠశాల ఉన్నది. కావలసినది ఓర్పుగల ఇల్లు. మీ పిల్లవాడు పీక పట్టిననాడు, ఆ తొలి ఏటి అపస్వరాలను దయతో భరించండి. మా ఇంటివారు భరించలేకపోయినారు. వారికంటె ముందు నేనే భరించలేకపోయినాను.