పుల్లరి నుంచి పర్మిట్ పుస్తకం దాకా

పశువులు అడవిలో మేసినందుకు కట్టాల్సిన పన్నును పల్నాడులో పుల్లరి అనేవారు. అది కట్టేది లేదని ఎదురుతిరిగిన మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తూటాలకు బలయ్యాడు. మద్రాసు అటవీ చట్టం వచ్చింది 1882లో. నలభై ఏళ్లు తిరిగేసరికి, తాతల నాటి నుంచీ తిరిగిన అడవిలోకి పోవాలంటే గార్డు కంటపడకుండా పోవాలి, పట్టుబడితే జరిమానా కట్టాలి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా గార్డు పని చాలాకాలం అలాగే సాగింది.

మార్పు బెంగాల్లో మొదలైంది. మిడ్నపూర్ జిల్లా ఆరాబారిలో అడవి మోడుబారిపోయింది. 1970ల తొలినాళ్లలో అక్కడ పనిచేసిన అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ ఆ మోళ్లనే నమ్ముకున్నాడు. సాల చెట్టును నరికినా వేరు చావదు, మొదట్లోంచి పిలకలు లేస్తాయి. వాటిని ఏటికేడు కట్టెలకు కొట్టుకుపోతుంటే చెట్టు ఎక్కడిది? కొత్త మొక్కలకన్నా, ఉన్న పిలకల్ని కొన్నేళ్లు బతకనివ్వడం ముఖ్యం. ఆ పని లాఠీతో అయ్యేది కాదు. అందుకే ఆయన పదకొండు ఊళ్ల వాళ్లతో మాట్లాడాడు. 618 కుటుంబాలు, 1,272 హెక్టార్లు. అడవి పనుల్లో కూలి మీదే, ఎండుపుల్లలు, ఆకులు, పుట్టగొడుగులు మీవే, కలప అమ్మితే నాలుగో వంతు మీది, అడవిని మాత్రం మీరే కాయాలి. ఇదీ ఒప్పందం. వాళ్లు కాశారు. అడవి లేచింది. వాటా మాట సర్కారు ఉత్తర్వుగా మారడానికి మాత్రం 1980ల చివరిదాకా ఆగాల్సి వచ్చింది.

1988 జాతీయ అటవీ విధానం, 1990 జూన్ 1 నాటి కేంద్రం ఉత్తర్వు ఈ పద్ధతిని దేశమంతటికీ తీసుకెళ్లాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. ఊళ్లో అందరూ వీఎస్‌ఎస్ అనేవారు. ఇంటికి ఇద్దరు సభ్యులు, వారిలో ఒకరు ఆడమనిషి. కట్టెల మోపు మోసే మనిషికి అడవి లెక్కల్లో మాట దక్కడం చిన్న సంగతి కాదు. రేంజరు, గార్డు ఊరివాళ్లతో కలిసి కూర్చుని, కందకాలు ఎక్కడ తవ్వాలి, మోడుకు ఎన్ని పిలకలు ఉంచాలి, వేసవి మంటలు పాకకుండా ఎక్కడ చదును చేయాలి అని మాట్లాడుకోవాల్సి వచ్చింది. 1994లో ప్రపంచ బ్యాంకు అప్పు తోడయ్యాక సమితులు వేలల్లోకి పెరిగాయి. పొలం గట్ల మీద చెట్లు పెంచుకునే రైతుకు సామాజిక అడవుల విభాగం నర్సరీల నుంచి మొక్కలు అందేవి.

అయితే కొండల్లో ఇంకో మాట వినబడింది. తాము దున్నుకునే పోడు భూముల్ని సమితి పేరుతో మొక్కల కింద కలిపేశారని ఆదివాసులు గోడు వెళ్లబోసుకున్నారు. ఆ గోడు న్యాయమైనది. వాటా అంటే ఇచ్చేవాడి దయ, హక్కు అంటే అది కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ఆ తేడాను గుర్తించింది: సంప్రదాయంగా కాపాడుకుంటున్న అడవిని నిర్వహించుకునే హక్కు గ్రామసభదని చెప్పింది.

తెలంగాణకు పొరుగునే ఉన్న గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు పల్లె ఉంది. దాదాపు 1,800 హెక్టార్ల మీద ఆ ఊరికి 2009లో సామూహిక హక్కు దక్కింది. అయినా వెదురు కొట్టి బయటికి అమ్మాలంటే రవాణా పర్మిట్ అటవీ శాఖే రాయాలి. 2011 ఏప్రిల్లో కేంద్ర మంత్రి జైరాం రమేశ్ ఆ ఊరికి వచ్చి, పర్మిట్ పుస్తకాన్ని గ్రామసభ చేతికి అందించాడు. అప్పటినుంచి ఆ ఊరి వెదురుకు పర్మిట్ రాసేది ఆ ఊరే.