చేసిన పాపం ఎవరిది? క్రైస్తవ చింతనలో వ్యక్తి బాధ్యత

చేసిన తప్పును తనదిగా ఒప్పుకోవడం క్రైస్తవ చింతనలో పశ్చాత్తాపానికి తొలిమెట్టు. దాన్ని తప్పించుకునే ధోరణి ఎంత పాతదో ఆదికాండం మూడో అధ్యాయమే చూపుతుంది. తినవద్దన్న పండు తిన్నావా అని దేవుడు అడిగితే ఆదాము నేరాన్ని హవ్వ మీదికి నెట్టాడు. ఆమెను తనకిచ్చింది దేవుడేనని కూడా గుర్తుచేశాడు. హవ్వ సర్పం మీదికి నెట్టింది. ఇద్దరూ అబద్ధమాడలేదు, అయినా శిక్ష తప్పలేదు. ప్రేరేపించినవారు ఉన్నంత మాత్రాన చేసినవారి బాధ్యత పోదు.

తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా వెంటాడుతుందని నిర్గమకాండం హెచ్చరించింది. క్రీ.పూ. ఆరో శతాబ్దంలో బబులోను చెరలో ఉన్న యూదులు తమ కష్టాలకు పూర్వీకులే కారణమనుకున్నారు. యెహెజ్కేలు ప్రవక్త ఆ వాదాన్ని ఖండించాడు. ఎవరి పాపానికి వారే జవాబుదారీ అనీ, దుర్మార్గుడు సైతం మనసు మార్చుకుంటే బతుకుతాడనీ ఆయన గ్రంథం 18వ అధ్యాయం బోధిస్తుంది. బాధ్యత, ఆశ అక్కడ కలిసే కనిపిస్తాయి.

ఈ ఆలోచనను అంతరంగ పరీక్షగా మలిచినవాడు ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్టీన్ (354–430). 16 ఏళ్ల వయసులో ఆయన స్నేహితులతో కలిసి రాత్రివేళ పొరుగు చెట్టు బేరిపండ్లు దొంగిలించాడు. ఆకలి లేదు, ఇంట్లో అంతకంటే మంచి పండ్లున్నాయి. దొంగిలించినవాటిలో ఎక్కువ భాగం పందులకు వేశారు. ఒంటరిగా ఉంటే ఆ పని చేసేవాడిని కాదని తన ‘కన్ఫెషన్స్’ గ్రంథంలో రాసుకున్నా, నేరాన్ని మాత్రం స్నేహితుల మీద మోపలేదు. మంచీచెడులను రెండు వేర్వేరు శక్తులుగా చూసే మానికేయ మతంలో ఉన్నన్నాళ్లూ తనలోని వేరే స్వభావమే పాపం చేస్తోందని నమ్మడం తన గర్వానికి హాయిగా ఉండేదనీ ఒప్పుకున్నాడు.

అదే అగస్టీన్ జన్మపాపాన్ని బోధించాడు. పుట్టుకతోనే పాపం అంటితే వ్యక్తిని తప్పుపట్టడం ఎలా? పాపానికి లొంగిన సంకల్పం కూడా మనిషి సొంత సంకల్పమేనన్నది ఆయన సమాధానం. మనిషి తన శక్తితోనే ధర్మంగా జీవించగలడన్న పెలాగియస్ అనే బోధకుడి వాదాన్ని 418లో కార్తేజ్ సభ తిరస్కరించింది. ఈ చింతనలో దైవకృప బాధ్యతను రద్దుచేయదు. ఆ బాధ్యతను స్వీకరించే బలమిస్తుంది.

ప్రతి విశ్వాసీ ఏడాదికొకసారైనా పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) చేయాలని 1215లో నాలుగో లాటరన్ మహాసభ విధించింది. పాపపరిహార పత్రాలు అమ్ముడవుతున్న కాలంలో, 1517లో, విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలని మార్టిన్ లూథర్ వాదించాడు. పశ్చాత్తాపం, ఒప్పుకోలు, ప్రాయశ్చిత్తం మూడూ అవసరమని 1551లో ట్రెంట్ మహాసభ ప్రకటించింది. పద్ధతిలో విభేదాలున్నా, ఒకరి బదులు మరొకరు పశ్చాత్తాపపడలేరన్న విషయంలో కేథలిక్కులు, ప్రొటెస్టంట్లు ఇరువర్గాలదీ ఒకే మాట.

లూకా సువార్తలో సుంకరి జక్కయ్య సగం ఆస్తి పేదలకిస్తానన్నాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. నష్టపోయినవారిని మరిచిన ఒప్పుకోలు అసంపూర్ణమని దీన్నిబట్టి తెలుస్తుంది. నాజీ పాలన కూలాక 1945 అక్టోబరులో జర్మనీ ప్రొటెస్టంట్ నాయకులు స్టట్‌గార్ట్‌లో తమ చర్చి అపరాధాన్ని అంగీకరించారు. అది సాహసమే, చాలామంది జర్మన్లు దాన్ని వ్యతిరేకించారు. కాని ఆ ప్రకటనలో యూదుల హత్యాకాండ ప్రస్తావన లేదు.

చేసిన పని ఏమిటో, నష్టపోయింది ఎవరో పేరుపెట్టి చెప్పాలి. సాధ్యమైనంత సరిదిద్దాలి. అప్పుడే పాపపు ఒప్పుకోలు బాధ్యత అనిపించుకుంటుంది.