వాదబలమును తూచు విధము

బ్యాంకు పరీక్షల వంటి పోటీ పరీక్షల తార్కిక విభాగమున ఒక ప్రశ్న తఱచుగా కానవచ్చును. పైన ఒక ప్రతిపాదన. క్రింద రెండు వాదములు. ఏది బలమైనది? ఏది దుర్బలమైనది?

ప్లాస్టిక్ సంచులను నిషేధింపవలెనా యను ప్రశ్ననే గైకొందము. నిషేధింపవలెను, ఏలయన అవి మురుగుకాలువలకు అడ్డుపడి వానకాలమున వీధులను ముంచును: ఇది మొదటి వాదము. నిషేధింపవలెను, ఏలయన పొరుగు రాష్ట్రము నిషేధించినది: ఇది రెండవది. రెండును ఔననియే చెప్పుచున్నవి. కాని మొదటిది కారణమును చూపుచున్నది. రెండవది అనుకరణమును మాత్రమే కోరుచున్నది. కావున మొదటిదే బలమైనది.

నిషేధించినచో చిల్లర వర్తకుల జీవనము దెబ్బతినునని వేఱొకరు వాదించిన, అదియు బలమైన వాదమే. పరస్పర విరుద్ధములైన రెండు వాదములును బలము గలవి కావచ్చునని మఱువకుడు.

ఇచ్చట మన యిష్టానిష్టములకు తావు లేదు. వాదమున చెప్పిన విషయమును, లోకవిదితమైన సత్యమునకు విరుద్ధము గానంతవఱకు, నిజమని గ్రహించి, పిమ్మట రెండే ప్రశ్నలు వేయుడు. అది ప్రస్తుతాంశమునకు సంబంధించినదా? నిర్ణయమును మార్చగల బరువు దానికి గలదా?

ఈ విచక్షణ మనకు క్రొత్త గాదు. తెలుగువాడైన అన్నంభట్టు, తర్కశాస్త్రమున అప్పుడే అడుగిడు విద్యార్థులకై రచించిన తర్కసంగ్రహమున, హేతువులవలె తోచియు హేతువులు గాని హేత్వాభాసములను అయిదు విధములుగా విభజించి వివరించెను.

విద్యార్థులారా, మరల చెప్పుచున్నాను. సంబంధము, బరువు: ఈ రెంటిని పరీక్షించిన పిమ్మటనే సమాధానమును గుర్తింపుడు.