దెయ్యం ఎక్కడుంది?

(నౌపడలో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగం)

 

పుస్తకాల గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్లు నన్ను అడిగారు. నేను హాస్టల్ వార్డెన్‌ని. పిల్లలు లైటు ఆర్పేశాక కూడా దుప్పట్లో దాచుకుని ఏం చదువుతారో నాకు తెలుసు. మంత్రాలు, దెయ్యాలు, మంచికీ చెడుకీ యుద్ధం. టీవీలో హ్యారీ పోటర్ వస్తే అన్నం గంట కొట్టినా ఎవరూ కదలరు. అందుకే ఈరోజు ఆ కథల గురించే మాట్లాడతాను.

మా తరానికి అలాంటి నవల యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’. 1980లలో తెలుగు పాఠకులను ఊపేసింది. మా చిన్నతనంలో కూడా అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడిపోయేదాకా తిరిగింది. అందులో రాజులు లేరు, కోటలు లేవు. మామూలు ఇల్లు, అమ్మ, నాన్న, తులసి అనే పాప. ఆ పాప మీదికి కాష్మోరా అనే క్షుద్రశక్తిని పంపుతారు. ఒక పక్క డాక్టర్లు, ఇంకో పక్క మంత్రగాళ్లు, పాపను బతికించడానికి పరుగులు. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది.

కానీ ఒక్క ప్రశ్న వేయండి. అసలు ఆ చేతబడి ఎందుకు చేయించారు? పాప పేరు మీద ఉన్న డబ్బు కోసం. అంటే కథలో చెడు పుట్టింది శ్మశానంలో కాదు, డబ్బు మీద ఆశలో. మనం మాత్రం కాష్మోరాను గుర్తు పెట్టుకుని, ఆ ఆశను మరిచిపోయాం. ఈ నవల మూఢనమ్మకాన్ని పెంచుతుందని రంగనాయకమ్మ గారు గట్టిగా విమర్శిస్తూ పుస్తకమే రాశారు. రెండూ చదవండి. ఎవరి మాట నిలుస్తుందో మీరే తేల్చుకోండి.

నా బాధ ఇంకొకటి. మన సినిమాల్లో, సీరియళ్లలో మంత్రగాడు ఎక్కడుంటాడు? అడవిలో. మెడలో పూసలు, చేతిలో ఎముక, వెనక డప్పు. అంటే మన తాతలాగే ఉంటాడు! పట్నం వాళ్లు చూసి వదిలేస్తారు. మన ఊళ్లో అయితే ఆ వేషం ఒక ముసలమ్మ మీద పడుతుంది. దాని పేరు చిల్లంగి.

సెలవుల తర్వాత మా హాస్టల్‌కి ఒక పాప వచ్చింది. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మెల్లగా అడిగితే చెప్పింది. వాళ్ల వీధిలో ఒక బాబుకి జ్వరం తగ్గలేదట, చిల్లంగి పెట్టింది వీళ్ల నాయనమ్మే అంటున్నారట. ఊరి పెద్దలను, ఆశా కార్యకర్తను కలిశాం. బాబుకి రక్త పరీక్ష చేయిస్తే మలేరియా అని తేలింది. మందులతో తగ్గింది. ఆ ముసలమ్మ బతికే ఉంది. కానీ అలా బతకని వాళ్ల గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. ఇక్కడ రైలెక్కి గుణుపురం వెళ్తే ఒడిశా. మంత్రగత్తె అని ముద్ర వేసి వేధించడం నేరమని అక్కడ 2013లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. కథ బాగుందని చప్పట్లు కొట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

మరి మన పెద్దల కథలు ఎలా ఉండేవి? సవరల మీద వెరియర్ ఎల్విన్ గారు 1955లో పెద్ద పుస్తకం ప్రచురించారు. ఇంటి గోడ మీద మన వాళ్లు వేసే బొమ్మలను అందులో చూపించారు. ఆ బొమ్మల్లో ఆత్మలు ఉంటాయి, చెట్లు, కోతులు, నెమళ్లు ఉంటాయి. పక్కనే సైకిలు, రైలు, విమానం కూడా! రోజువారీ బతుకులోకి ఆత్మలు నడిచి వచ్చే కథను ఇప్పుడు ఫాంటసీ అంటున్నారు. మన అవ్వలు, తాతలు ఏనాడో గోడ మీద వేసేశారు.

ఇంకో సంగతి. జబ్బు చేస్తే, చనిపోయిన వాళ్లు పూనకంలో వచ్చి మాట్లాడతారని మన పెద్దలు నమ్మారు. ఇంటివాళ్లు చుట్టూ కూర్చుని ఎందుకు వచ్చావు, నీకేం తక్కువ చేశాం అని అడిగేవారు. ఏడ్చేవారు, వాదించేవారు, నవ్వేవారు కూడా. బాధ పెట్టిన ఆ చనిపోయిన మనిషే తర్వాత ఇంటిని కాపాడేవాడవుతాడు. ఈరోజు మనలో కొందరు చర్చికి వెళ్తున్నాం, కొందరు గుడికి వెళ్తున్నాం, కొందరు పాత పూజలే చేస్తున్నాం. ఎవరి దారి వారిది. జబ్బుకి మాత్రం ఆసుపత్రే. కానీ చెడు చేసినవాడిని చంపే ముందు కూర్చోబెట్టి అడగాలనే బుద్ధి మన తాతలది. అది పోగొట్టుకోవద్దు.

నిజమైన చెడుకు కోరలుండవు. ఒకప్పుడు ఇక్కడి ఉప్పు కొండకు వెళ్లేది, కొండ చింతపండు సంతకు దిగేది. మధ్యలో తూకం దగ్గర మోసం. అప్పు కాగితం మీద వేలిముద్ర, ఆ వేలిముద్రతో భూమి మాయం. ఆ మాయను ఏ మంత్రమూ విప్పలేదు. గిరిజన సహకార సంస్థ 1956లో వచ్చింది, 1/70 భూ చట్టం 1970లో వచ్చింది. వాటి కోసం నిలబడిన వాళ్లే మన కథానాయకులు. ఈరోజు ఆ మాయ ఫోన్‌లో లోన్ యాప్‌గా వస్తుంది, ఉద్యోగం ఇప్పిస్తామని వస్తుంది, అమ్మాయిలకు పెళ్లి సంబంధంగా కూడా వస్తుంది.

అందుకే మా హాస్టల్ పిల్లలకు మూడు ప్రశ్నలు నేర్పాను. ఎవరి మీదైనా నింద వస్తే, అది సబ్బు పోయిందనే నిందైనా సరే, అడగండి. కళ్లారా చూసిందెవరు? ఈ నింద వల్ల లాభం ఎవరికి? ఆ మనిషిని మనం అడిగామా? చిల్లంగి అన్న ప్రతిచోటా రెండో ప్రశ్న తప్పక వేయండి. జవాబు చాలాసార్లు ఒక చెక్క పొలం దగ్గరో, పాత పగ దగ్గరో దొరుకుతుంది.

చివరగా ఒక పని అప్పగిస్తున్నాను. నవలలు చదవండి, భయపడండి, ఆనందించండి. ఆ తర్వాత మీరూ రాయండి. సవరలో రాయండి, తెలుగులో రాయండి. మన కొండ, మన సంత, మన హాస్టల్ అందులో ఉండాలి. మీ కథలో అడవిలో ఉండే తాత మంత్రగాడు కాకూడదని నేను అనను. కానీ అతనికి ఒక పేరు పెట్టండి, మాట్లాడనివ్వండి. వచ్చే ఏడాది సంచికలో అలాంటి కథలు పది చదవాలని నా ఆశ.

సెలవు. జై ఆదివాసీ!