బుట్టబొమ్మ అంటే ఏమిటి తాతయ్యా?

(సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను మైకు ముందుకు వస్తే డి.ఏ. గురించో, లైఫ్ సర్టిఫికెట్ల గురించో మాట్లాడతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. ఆ సంగతులు కార్యదర్శిగారు చూసుకుంటారు. ఈసారి కార్యవర్గంవారు నాకిచ్చిన అంశం "నేటి కళ, నేటి పాట, ఫోనులో కనబడే వింతలు". ఈ వయసులో నాకిదేం అంశమండీ అన్నాను. "మీ మనవరాలిని అడిగి చెప్పండి మాస్టారూ" అన్నారు. ఆయ్, అలాగే చేశాను.

2020లో కరోనా లాక్‌డౌన్ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మా అబ్బాయి కుటుంబం మా దగ్గరకు వచ్చి అమలాపురంలోనే ఉండిపోయింది. ఒకరోజు మా మనవరాలు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. చూస్తే ఒక దొర, ఆయన భార్య వాళ్ళింట్లో తెలుగు పాటకు నాట్యమాడుతున్నారు. ఆయన డేవిడ్ వార్నర్, ఆస్ట్రేలియా క్రికెట్ ఆటగాడు. 2016లో హైదరాబాద్ జట్టుకు ఐ.పి.ఎల్. కప్పు తెచ్చిన కెప్టెను. పాటేమో 'అల వైకుంఠపురములో' సినిమా కోసం తమన్ స్వరపరచిన 'బుట్టబొమ్మ'. భాష రాని ఆ దంపతులు అంత హుషారుగా అడుగులు వేస్తుంటే ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. అప్పుడా పిల్ల అడిగింది: "ఇంతకీ బుట్టబొమ్మ అంటే ఏమిటి తాతయ్యా?"

నేను ఉలిక్కిపడ్డాను. పాటంతా ఆ పిల్లకు కంఠతా వచ్చు. వస్తువు మాత్రం తెలియదు. "నువ్వేమనుకుంటున్నావమ్మా?" అన్నాను. "బుట్టలో పెట్టి అమ్మే బొమ్మ" అంది.

మనకు తెలుసు కదండీ. వెదురు దబ్బలతో పెద్ద బుట్ట అల్లి, దానిపైన మనిషి తలకంటే పెద్ద తల అమర్చి, రంగులు పూసి, చీర కడతారు. లోపల మనిషి దూరి, చిన్న కన్నంలోంచి దారి చూసుకుంటూ డప్పు దరువుకు తగ్గట్టు ఊగుతాడు. మా చిన్నతనంలో పెళ్ళి ఊరేగింపుల్లోనూ, తీర్థాల్లోనూ బుట్టబొమ్మలు వస్తున్నాయంటే పిల్లలం వీధిలోకి ఉరికేవాళ్ళం. దగ్గరకు వచ్చాక భయపడి అమ్మ కొంగు చాటుకు చేరేవాళ్ళం. ఇదంతా చెబితే మా మనవరాలు, "ఓహో, బట్టల షాపు ముందు ఎలుగుబంటి వేషం వేసుకుని చెయ్యూపుతారే, అలాంటిదా!" అంది. అలాంటిదేనమ్మా అన్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాట ప్రపంచమంతా తిరిగి వచ్చింది. వస్తువేమో మా వీధిలోంచి వెళ్ళిపోయింది. ఆ రెండింటినీ కలిపి చెప్పగలిగేవాళ్ళు ఎవరంటే, కళ్ళారా చూసిన మనమే.

నేను కూడా మీలో కొందరిలాగే ఈ ఫోను పిల్లల్ని పాడుచేస్తోందని విసుక్కున్నవాణ్ణే. హోటల్లో రేడియో దగ్గర నిలబడి సినిమా పాటలు వింటున్నానని మా నాన్నగారు నన్నూ అలాగే విసుక్కున్నారు. కానీ ఆ ఫోనే చేసిన మరో పని చూడండి. 2018లో మన గోదావరి జిల్లాలోనే, వడిసలేరు గ్రామంలో, కూలి పనులు చేసుకునే పసల బేబీ అనే ఆవిడ ఒక సినిమా పాట పాడారు. 'ప్రేమికుడు'లో ఎ.ఆర్. రెహమాన్ స్వరపరచిన 'ఓ చెలియా' అది. పక్కనున్నవాళ్ళు ఫోనులో తీశారు. ఆ పాట ఊళ్ళు దాటి, రాష్ట్రాలు దాటి వెళ్ళింది. సంగీత దర్శకులు రఘు కుంచె ఆవిడ చేత పాట పాడించారు. ఆవిడ గొంతు ఆ రోజు కొత్తగా వచ్చింది కాదు. ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే. ఒకరు ఆగి, విని, పట్టి ఉంచారు. అంతే తేడా.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1985లో, అరియర్సు వచ్చినప్పుడు, నేనొక టేప్ రికార్డరు కొన్నాను. మా అమ్మ దంపుళ్ళ పాటలు పాడేది. రోకటి పోటుకు సరిగ్గా సరిపోయేలా పాడేది. నా దగ్గర డెబ్బై క్యాసెట్లు పోగయ్యాయి. అన్నిట్లోనూ సినిమా పాటలే. అమ్మ గొంతు ఒక్క క్యాసెట్టులోనూ లేదు. ఇంట్లో ఉన్నది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. 1991లో అమ్మ వెళ్ళిపోయింది.

మనం ఇంట్లో ఉన్నదాన్ని "నాటు" అని తీసిపారేశాం. నాటు మనిషి, నాటు పద్ధతి అన్నాం. ఆ మాటతోనే చంద్రబోస్‌గారు పాట రాశారు. గోదావరి ఒడ్డున కొవ్వూరులో పుట్టిన కీరవాణిగారు స్వరపరిచారు. 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, అధ్యక్ష భవనం ముందు దాన్ని చిత్రీకరించారు. 2023 మార్చిలో ఆస్కారు బహుమతి వచ్చింది. చిన్నచూపుతో వాడిన మాటే వేదికనెక్కింది.

అదే సంవత్సరం మన కోనసీమ కూడా ఢిల్లీ వెళ్ళింది. 2023 జనవరి 26న కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది మన ప్రభల తీర్థమే. టీవీలో చూసి మా ఇంట్లో చప్పట్లు కొట్టాం. కానీ మా మనవరాలికి నేను చెప్పింది వేరు. "అది నమూనా అమ్మా. అసలుది జగ్గన్నతోటలో ఉంది, కనుమనాడు చూద్దువుగాని" అన్నాను.

మరుసటి ఏడు తీసుకువెళ్ళాను. వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, వక్కలంక, ముక్కామల, మొసలపల్లి, గంగలకుర్రు వగైరా పదకొండు గ్రామాల ఏకాదశ రుద్రులు ఆ కొబ్బరితోటలో కొలువుతీరతారు. వెదురుతో చట్రం కట్టి, రంగురంగుల కొత్త గుడ్డలు చుట్టి, పూలు, గంటలు కట్టిన ప్రభలను కుర్రాళ్ళు "శరభా శరభా" అంటూ భుజాలపై మోస్తూ చేలల్లోంచి తెస్తారు. గంగలకుర్రు ప్రభ కౌశిక నీళ్ళలో దిగి వస్తుంటే మా మనవరాలు ఫోను తీయడం కూడా మరచిపోయి చూసింది.

బుట్టబొమ్మ మా వీధిలోంచి ఎందుకు పోయింది, ప్రభ ఎందుకు నిలిచింది అని ఆలోచించాను. ప్రభను ఏటా మళ్ళీ కడతారు. ఏ ముడి ఎక్కడ వేయాలో పెద్దలు చెబుతారు, కుర్రాళ్ళు వేస్తారు. ఆ చెప్పడం ఒక్క ఏడు కూడా మానలేదు. ఫోను జనాన్ని పిలుచుకు వస్తుంది గానీ ప్రభను మోసేది భుజాలే. మోసే భుజాలకు చెప్పే నోరు మనది.

కనుక మన సంఘానికి నాదొక మనవి. ప్రతి నెలా సమావేశం చివర అరగంట కేటాయించండి. ఒక సభ్యుడో, వారి శ్రీమతో తమకు వచ్చిన పాటో, చూసిన ఆటో, చేతికి తెలిసిన పనో చెప్పాలి. మనుమలు ఫోనులో తీయాలి. చెప్పినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా అందులో చెప్పించాలి. పేరూ ఊరూ లేకుండా తిరిగే వాటిని రేపు ఎవరూ నమ్మరు.

నేను మొదలుపెట్టాను. మా అమ్మ పాటల్లో ఒకటి మా ఆవిడకు రెండు చరణాల వరకు వచ్చు. మొన్న సంక్రాంతికి ఆవిడ పాడితే మా మనవరాలు తీసింది. మూడో చరణం మా ఇద్దరికీ గుర్తు లేదు. ఈ సభ ముగిశాక మా ఆవిడ ఆ రెండు చరణాలూ పాడుతుంది. మీలో ఏ అక్కగారికైనా, వదినగారికైనా మూడోది తెలిస్తే దయచేసి చెప్పి వెళ్ళండి. మనవరాలు ఫోను పట్టుకుని గుమ్మం దగ్గరే ఉంటుంది.